చొక్కాలతో చనువు

నిఘంటు కార్యాలయంలో ఆవిడని అందరూ చీటీలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం. ఎప్పుడు చూసినా చెవి మీద పెన్సిలు, చేతిలో చీటీ, ఒళ్ళో ఎవరిదో నవల. కార్యాలయం అనగానే మీరు పెద్దగా ఊహించుకోకండి. ఒక పాత భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ, అది పనిచేసిన రోజున ఉద్యోగులు ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. లోపల గోడల నిండా చెక్క సొరుగులు, సొరుగుల నిండా అట్టచీటీలు, చీటీల నిండా వాక్యాలు.

అక్కడ పని ఏమిటంటే, పుస్తకాలు చదవడం. కథ కోసం కాదు, మాట కోసం. కావలసిన మాట ఎక్కడ కనబడితే అక్కడ ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చీటీ మీదికి ఎక్కించి, కింద పుస్తకం పేరు, రాసినవారి పేరు, పేజీ వెయ్యాలి. అర్థం మాత్రం రాయకూడదు. ముందే అర్థం రాసేసుకుంటే ఇక కళ్ళు ఆ అర్థాన్నే వెతుక్కుంటూ తిరుగుతాయని సంపాదకుడు పెద్దాయన నమ్మకం. చీటీలు తగినన్ని పోగయ్యాక బల్ల మీద కుప్పలు పోయాలి. ఒకలా మాట్లాడే వాక్యాలన్నీ ఒక కుప్ప, ఇంకోలా మాట్లాడేవి ఇంకో కుప్ప. అప్పుడు ఏ కుప్పకి ఆ కుప్ప తన అర్థం చెప్పుకుంటుంది. మనం చెవి ఒగ్గి వినడమే.

పెద్దాయనకి ఇంకో నియమం కూడా ఉంది. "నోటి మాట చెల్లదమ్మా. నోరు ఇవాళ ఒకటంటుంది, రేపు అనలేదంటుంది. అచ్చులో పడ్డదే సాక్ష్యం." చేరిన రోజున చెప్పిన ఈ మాటని చీటీలమ్మ వేదవాక్కులా పట్టుకుంది. ఇంటి పక్కావిడ ఎంత చక్కటి మాట అన్నా, "అబ్బ, ఇది ఎవరైనా పుస్తకంలో రాస్తే బాగుండును" అనేది. పాపం పక్కావిడకి అదేం మెప్పో అర్థమయ్యేది కాదు.

ఆ ఏడు కార్యాలయంలో 'చ' అక్షరం నడుస్తోంది. చీటీలమ్మ వంతుకి 'చనువు' వచ్చింది. ఇంత చిన్న మాట, ఇందులో ఏముందిలే, చిటికెలో తేల్చేద్దాం అనుకుంది. తేలలేదు. ఒక పాత నవలలో కోడలు మామగారి ముక్కు మీంచి కళ్ళజోడు తీసి, తన రుమాలుతో తుడిచి, మళ్ళీ ఆయన ముక్కు మీదే పెడుతుంది. అంత చనువు ఆ ఇంట్లో కొడుకులకి కూడా లేదంటాడు రచయిత. దగ్గరితనం వల్ల వచ్చిన ధైర్యం, అది మొదటి కుప్ప. ఇంకో కథలో యజమాని గుమస్తా మీద విరుచుకుపడతాడు, నీకు చనువివ్వడం నాదే తప్పని. పైవాడు ఇచ్చేది, బుద్ధి పుడితే వెనక్కి లాక్కునేది, అది రెండో కుప్ప. ఒక నాటకంలో పక్కింటాయన నేరుగా వంటింట్లోకి వచ్చేసి గిన్నెల మీద మూతలు తీసి చూస్తాడు. ఎవరూ ఇవ్వకపోయినా తీసేసుకునేది, అది మూడో కుప్ప. 'చనువిస్తే చంకనెక్కినట్టు' అన్న సామెత కూడా అక్కడికే చేరింది.

మూడు కుప్పల ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది చీటీలమ్మ. ఏ వాక్యం చూసినా చనువు మనిషికీ మనిషికీ మధ్యే ఉంది. ఆవిడకి తెలిసిన చనువు ఇంకొకటుంది, అది ఎక్కడా కనబడలేదు.

"సార్, మనిషికి వస్తువుతో చనువుండదా?" అని అడిగింది.

"ఉండకేం? పాత చెప్పులతో నాకు బోలెడంత ఉంది" అన్నాడు పెద్దాయన. "కానీ ఎవరు రాశారు? పుస్తకం చూపించు, నాలుగో కుప్ప వేద్దాం."

వెతికింది, వెతుకుతూనే ఉంది. రాసినవాళ్ళు లేరు.

ఇక ఆవిడ ఇంటి సంగతి. భర్తది కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు బిగించే ఉద్యోగం. పొద్దున్నించి వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము పెట్టి, "ఇప్పుడు బాగా కనిపిస్తోందా?" అని అడుగుతూ ఉంటాడు. ఆయన వాటాకి వచ్చిన మాటలన్నీ అక్కడే ఖర్చయిపోతాయి కాబోలు, ఇంటికొచ్చాక నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. చెడ్డవాడు కాడు. తిట్టడు, అలగడు, ఒక చెడు అలవాటు లేదు, ఒక ఆగడం లేదు. ఒట్టి మాటల పిసినారి. పిల్లలు లేని ఇల్లు కాబట్టి ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టేవాళ్ళు కూడా లేరు.

దుకాణంలో అందరూ తెల్లచొక్కా వేసుకోవాలని నియమం. రోజూ పొద్దున్నే భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి చీటీలమ్మ ఆ చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. ఆయన స్నానాలగదిలో ఉండగా చొక్కాతో మాట్లాడుతుంది. "ఏం, నిన్నంతా ఎక్కడ వాలావు, మోచెయ్యి ఇలా మాసింది?" "ఈ గుండీ వదులైందని చెప్పొచ్చు కదా, నోరు లేదూ నీకు?" చొక్కా అన్నీ చెప్పేది. జేబు దగ్గర జిగురు మరక ఉంటే ఆ రోజు పాత ఫ్రేములు అతికించాడని, కాలర్ నలిగితే కోపిష్టి బేరం తగిలిందని. ఒక్కోరోజు ఖాళీ చొక్కా చేతిని తీసి తన భుజం మీద వేసుకుని, వెచ్చదనం తగ్గేదాకా అలాగే నిలబడేది.

మాటలు లేని ఆ ఇంట్లో ఇంకో చిన్న వ్యవహారం కూడా ఉండేది. కార్యాలయం పుస్తకాలు ఆవిడ ఇంటికి తెచ్చుకుని చదువుతుంది. మంచి వాక్యం దొరికిన చోటల్లా పేజీలో సన్నటి కాగితం ముక్క పెడుతుంది. ఆయనకి నవలలు చదివే ఓపిక లేదు గానీ, టీ తాగుతూ ఆ గుర్తులున్న పేజీలు మాత్రం తీసి చూస్తాడు. ఏ మాట కోసం పెట్టిందో తనలో తనే కనిపెట్టుకుంటాడు. కనిపెట్టానని చెప్పడు. కానీ ఆవిడకి తెలిసిపోతుంది. ఆవిడ కాగితాలు అడ్డదిడ్డంగా దూరుస్తుంది. ఆయన చూశాక అవన్నీ ఒకే ఎత్తున, ఫ్రేములు సర్దినట్టు సర్ది ఉంటాయి. అది చూసి ఆవిడ లోపల్లోపల మురిసిపోయేది.

ఇన్ని మురిపాలూ, ఇన్ని బెంగలూ ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా. వదిన ఉంది. వదిన అంటే చీటీలమ్మ అన్న భార్య, రెండు వీధుల అవతల ఉంటుంది. వదినా ఆడపడుచుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని లోకం అనుకుంటుంది గానీ, వీళ్ళిద్దరూ కలిస్తే అన్నగారు పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోవలసిందే. వదిన నవ్వితే వీధి చివరికి వినబడుతుంది. ఆవిడ రచయిత్రి కూడా. ఎన్నో రాసింది, ఎన్నో తిరిగొచ్చాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ చీటీలమ్మ వెళ్ళి పక్కన కూర్చుని, ప్రచురణకర్తలకి కళ్ళు లేవని, మా ఆయన దుకాణానికి పంపమని చెప్పి నవ్వించేది.

ఒక ఆదివారం వదిన వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నారు. నాలుగో కుప్ప గోల చెప్పింది చీటీలమ్మ.

"పుస్తకాల్లో దొరకట్లేదు వదినా. నా నోట్లో మాత్రం ఉంది."

"ఏదీ, అను చూద్దాం."

"నవ్వకూడదు మరి."

"నవ్వితే నీ కాళ్ళు పడతాను ఆడపడుచుగారూ, చెప్పండి."

"పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఆయన చొక్కాలతో ఉన్న చనువు ఆయనతో లేదు నాకు."

వదిన నవ్వలేదు. ఆవిడ చేతిలో బఠాణీ కాయ సగం విప్పి ఆగిపోయింది. అంత ప్రేమగా వినేవాళ్ళుంటే మాట ఆగుతుందా? చీటీలమ్మ అంతా చెప్పేసింది. చొక్కాతో మాట్లాడటం, చొక్కా చెయ్యి భుజం మీద వేసుకోవడం, అన్నీ. చెబుతూ ఏడ్చింది. వదిన కూడా కళ్ళు తుడుచుకుంది. "ఎవరితోనూ అనకు వదినా, ఆయన చెవిన పడితే తల ఎత్తుకోలేరు" అంటే, "నా కడుపులోంచి బయటికి రాదే" అని ఒట్టేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెతలు పోగేసే ఉద్యోగి చీటీలమ్మకి తెలియదా? తెలుసు. వదిన పృథివిలోకి రాదనుకుంది, అంతే.

తర్వాత వదిన రాతలో పడి కాస్త నల్లపూస అయింది. ఈసారి నవల తిరిగి రాలేదు. అచ్చయింది, జనం ఎగబడి చదువుతున్నారన్నారు. చీటీలమ్మ తనే రాసినట్టు పొంగిపోయి కాపీ అడిగితే, "నువ్వు చదివే రకం కాదులే, పెద్ద బోరు" అంది వదిన. అణకువ కాబోలు అనుకుంది ఈ అమాయకురాలు. కార్యాలయానికి కొత్త పుస్తకాల కట్ట రాగానే ఆ నవల ముందు తనే లాక్కుని ఇంటికి తెచ్చింది.

సెలవు రోజు. ఆయనకి ఆ పూట దుకాణం మధ్యాహ్నం దాకానే. చీటీలమ్మ బల్ల దగ్గర కూర్చుని చదువుతూ గుర్తులు పెట్టుకుంటూ పోతోంది. 'చిరాకు' ఒకటి దొరికింది. 'చేవ' ఒకటి. ఆ పనిలో ముదిరిన కళ్ళు వాక్యం కంటే ముందు మాటని చూస్తాయి. ఒక పేజీ తిప్పగానే 'చనువు' కనబడింది, పక్కనే 'చొక్కాలతో' అని కూడా. చెయ్యి దానంతటదే వెళ్ళి కాగితం ముక్క దూర్చేసింది. దొరికింది, నాలుగో కుప్ప దొరికింది! అప్పుడు వాక్యం మొత్తం చదివింది.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఆయన చొక్కాలతో ఉన్న చనువు ఆయనతో లేదు నాకు.

ఒక్క అక్షరం మారలేదు. కింద మాసిన మోచెయ్యి ఉంది, వదులైన గుండీ ఉంది, భుజం మీద వేసుకున్న చొక్కా చెయ్యి ఉంది. ఆ చెయ్యిని నవలలో పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వుతారు. కళ్ళద్దాలాయన్ని గడియారాలాయన్ని చేసింది వదిన. పాపం, ఆవిడ పడ్డ శ్రమ అంతే. ఆ గడియారాలాయనకి వీధిలో వాళ్ళు పెట్టిన పేరు 'ఆగిపోయిన ముల్లు'. చీటీలమ్మకి ఎవరో తన బీరువా తెరిచి, లోపలి బట్టలన్నీ వీధిలో ఆరేసినట్టయింది. పుస్తకం అక్కడే పడేసి, చెప్పులు ఏవి వేసుకుందో కూడా చూసుకోకుండా బయల్దేరింది.

నవల గొప్పదే, కాదని ఎవరన్నారు? దొంగసొమ్ముతో కట్టినా మేడ మేడే.

తలుపు తీసిన వదినకి మొహం చూడగానే అర్థమైంది. తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడి, తర్వాత రచయిత్రి అయిపోయింది.

"కూర్చో ముందు. నీ పేరు లేదు, మీ ఆయన పేరు లేదు, వృత్తి కూడా మార్చాను. లోకంలో ఎంతమంది ఆడవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారో తెలుసా, అది నా కథే, నా కథే అని?"

"వాళ్ళు నీకు చెప్పుకోలేదు వదినా. నేను చెప్పుకున్నాను."

"అబ్బ, నిజం చెప్పు. ఆ మాటకి మీ సొరుగులో చోటు లేదని ఏడ్చింది ఎవరు? నోటి మాట చెల్లదు, అచ్చు మాటే చెల్లుతుందని నాకు చెప్పింది ఎవరు? నేను అచ్చులో వేశాను. ఇప్పుడు చెల్లుతుంది. నిఘంటువు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. నీకు మేలు చేశానే పిచ్చిదానా!"

"నేను నిఘంటువుకి చెప్పలేదు. నీకు చెప్పాను."

బాల్కనీలోంచి అన్నగారు పేపరు దించకుండానే, "ఇద్దరూ కాస్త టీ తాగి మాట్లాడుకోండి" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన పాత్ర అంతవరకే.

చీటీలమ్మకి తిట్టాలని వచ్చింది, తిట్టు రాలేదు. లోకంలో ఎవరి మీదైనా కోపం వస్తే వచ్చి చెప్పుకునే చోటు ఇదే. ఈ చోటి మీదే కోపం వస్తే ఎక్కడికి వెళ్ళాలి? అది తలుచుకునేసరికి ఏడుపొచ్చింది.

వదిన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఎందుకే ఇంత కంగారు? మీ ఆయన నవలలు చదివే మనిషా ఏమన్నానా?"

అప్పుడు తట్టింది చీటీలమ్మకి. నవల చదవడు. గుర్తు పెట్టిన పేజీ చదువుతాడు. గుర్తు తన చేత్తోనే పెట్టి, పుస్తకం బల్ల మీదే వదిలేసి వచ్చింది. వదిన చెయ్యి విదిలించుకుని పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది.

ఆయన దుకాణం నుంచి వచ్చేశాడు. కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాడు. బల్ల మీద టీ కప్పు ఖాళీగా ఉంది, పక్కన నవల మూసి ఉంది. పైన కాగితం గుర్తులన్నీ ఒకే ఎత్తున, తీర్చినట్టు నిలబడి ఉన్నాయి.

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

"మీ వదిన కులాసానా?"

ఇన్నేళ్ళలో ఆయన వదిన కులాసా అడగడం అదే మొదలు.

"కులాసాయే" అంది చీటీలమ్మ.

ఆయన తల ఊపాడు. అరిస్తే బాగుండును, పుస్తకం విసిరికొడితే బాగుండును అనుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా? వదిన తనకి ద్రోహం చేసింది, నిజమే. కానీ ఆ చొక్కాలు తన ఒక్కదానివే కాదు కదా, వాటి లోపల ఉండే మనిషిని అడక్కుండా ఆయన మాట వదిన ముందు విప్పింది తను. వదిన మీద తన కోపాన్నీ, తన మీద ఆయన కోపాన్నీ తను ఒక్కతే మొయ్యాల్సి వచ్చింది.

పొద్దున లేచి వచ్చేసరికి బల్ల మీద దుప్పటి పరిచి ఉంది. ఆయన బనీనుతో నిలబడి, ఇస్త్రీ పెట్టె పట్టుకుని, చొక్కాతో కుస్తీ పడుతున్నాడు. ఒక మడత తీస్తుంటే ఇంకో మడత పడుతోంది.

"ఇటివ్వండి, నేను చేస్తాను."

"వద్దులే."

"మీకు చేతకాదండీ, కాలుతుంది."

"నేర్చుకుంటాను." గొంతు పెంచకుండానే అన్నాడు. "ఇక నుంచి నా చొక్కాలు నేనే చూసుకుంటాను. నీకా శ్రమ వద్దు."

ఆయనకి కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ఆవిడ వైపు చూడలేకపోతున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఏ పనీ లేకపోయినా నీళ్ళు పోనిస్తూ నిలబడింది.

కార్యాలయంలో పెద్దాయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. చేతిలో అదే నవల, ఇంకో కాపీ.

"చూశావా అమ్మా? నువ్వు అడిగిన చనువు దొరికింది. చొక్కాలతో! ఎంత అనుభవం ఉంటే ఇలాంటి వాక్యం పుడుతుంది ఆ రచయిత్రికి!"

"ఆవిడ భర్త చొక్కాలు లాండ్రీకి వెళతాయి సార్" అంది చీటీలమ్మ.

పెద్దాయనకి అర్థం కాలేదు. "సరేలే, చీటీ రాసెయ్. అన్నట్టు మీ బంధువే కదూ? అదృష్టవంతురాలివి."

నిజం చెప్పొచ్చు. ఆ వాక్యం నాది అనొచ్చు. కానీ ఎప్పుడన్నావు, ఎక్కడన్నావు, ఎవరు విన్నారు అంటే ఏమని చెబుతుంది? వంటింట్లో, బఠాణీలు ఒలుస్తూ, నోటితో. నోటి మాట చెల్లదు. పైగా నాది అన్న మరుక్షణం ఆ గడియారాలాయన ఎవరో కార్యాలయానికంతా తెలిసిపోతుంది. ఆయన్ని ఇంకోసారి వీధిలో నిలబెట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు.

కొత్త చీటీ తీసుకుంది. చెవి మీంచి పెన్సిలు తీసి, తన మాటని తనే, పరాయి పుస్తకంలోంచి చూసి, అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది. కింద పుస్తకం పేరు రాసింది. రాసినవారి పేరు దగ్గర కాసేపు ఆగి, వదిన పేరు రాసింది. పేజీ వేసింది. బల్ల మీద మూడు కుప్పల పక్కన ఆ చీటీని ఒంటరిగా పెట్టింది. అది రాస్తున్నప్పుడే ఆవిడకి తట్టింది, ఆ వాక్యం ఇప్పుడు నిజం కూడా కాదని.

మర్నాడు పొద్దున ఆయన తనే ఇస్త్రీ చేసుకున్న చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర ఇటు వీపు పెట్టి చెప్పులు తొడుక్కుంటున్నాడు. కాలర్ వెనక ఒక పక్క మడత విడిపోయి పైకి లేచి ఉంది. బల్ల మీద చొక్కా అయితే, "ఏంటా తలెగరెయ్యడం?" అని ఒక్క తట్టు తట్టి అణిచేసేది. ఇప్పుడా చొక్కాలో ఆయన ఉన్నాడు. చీటీలమ్మ చెయ్యి మెడ దగ్గరి దాకా వెళ్ళింది, అక్కడ ఆగింది. ఏవండీ, కాలరు, అని నోటిదాకా వచ్చిన మాట కూడా బయటికి రాలేదు. ఆయన తలుపు తీసుకుని మెట్లు దిగి, లేచిన కాలరుతోనే దుకాణానికి వెళ్ళిపోయాడు.